డొమినిక్ గారి నాన్న, అంటే మా నాన్న

రచయితకు పేరు రావడమంత దరిద్రం లోకంలో ఇంకొకటి లేదు!

కనుబొమలు ముడవకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ దేశాన్ని నవ్విస్తున్నాను. ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు నన్ను దారిలో ఆపి "ఏదీ, ఓ జోకు వెయ్యండి" అని అడగలేదు. బస్సులో పక్క సీటాయన నా జోకునే నాకు చెప్పి, నేను నవ్వకపోతే "మీకు అర్థమైనట్టు లేదు" అని మళ్ళీ విడమరిచి చెబుతాడు. ఇంత మనశ్శాంతి ఏ మంత్రిగారికి ఉంది?

అదే మా డొమినిక్ ఫాన్‌షాని చూడండి. టీవీలో అంత పెద్ద హాస్యనటుడు. పాపం, మేజోళ్ళు కొనుక్కోవడానికి కూడా గడప దాటలేడు. దాటాడా, జనం ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగుతారు. "ఒక్కటి, ఒక్కటే జోకు!" అని బతిమాలతారు. ఆయన దగ్గర ఒక్కటీ ఉండదు. అన్నీ నా దగ్గర ఉంటాయి. అందుకని చిరునవ్వు నవ్వి వెళ్ళిపోతాడు. "ఎంత నిగర్వి!" అని జనం మురిసిపోతారు.

నా ఉద్యోగమేమిటో చెప్పాలి కదా. గురువారం సాయంత్రం మీరందరూ చూసే 'తడుముకోకుండా' కార్యక్రమం ఉందే, అందులో నలుగురు నటులు బల్ల వెనక కూర్చుంటారు. ఐదో ఆయన ప్రశ్నలు వేస్తాడు. వీళ్ళు అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పి నవ్విస్తారు. ఆ అప్పటికప్పుడు నోటికి రావలసిన వాటి కోసం మేం ఐదుగురు రచయితలం సోమవారం పొద్దున్నే కిటికీ లేని గదిలో బిస్కెట్ల డబ్బా ముందు కూర్చుంటాం. మంగళవారం మధ్యాహ్నానికల్లా అన్నీ అప్పటికప్పుడు తట్టేస్తాయి. బుధవారం వాటికి ఇస్త్రీ.

నవ్వొచ్చే మాట రాయడం ఏమంత పని? ఆ మాటకు ముందు తడబాటు రాయడం, అదీ విద్య! డొమినిక్ కాగితం మీద నేనిలా రాస్తాను: "చెవి గోక్కోవాలి. రెండు సెకన్లు పైకి చూడాలి. ఇప్పుడే తట్టినట్టు చెప్పాలి." ఒక వారం ఆ లైను రాయడం మరిచిపోయాను. ప్రశ్న సగంలో ఉండగానే డొమినిక్ జవాబు చెప్పేశాడు. మర్నాడు పేపర్లన్నీ 'మెరుపువేగం' అని రాశాయి.

ఇక మా ప్రేక్షకులు. బంగారం లాంటి మనుషులు! రెండు గంటలు గట్టి కుర్చీల్లో కూర్చోబెట్టి, "క్షమించండి, మైకు పనిచేయలేదు, ఇందాకటి జోకు మళ్ళీ చెబుతాం, ఇందాకటి నవ్వే మళ్ళీ నవ్వండి" అంటే మారుమాట లేకుండా నవ్వుతారు. ఒకావిడ చెయ్యెత్తి, "ఏమండీ, ఇందాక నేను నవ్వలేదు, ఇప్పుడు నవ్వితే తప్పవుతుందా?" అని అడిగింది. ఇటువంటి దేశంలో హాస్యం బతక్క ఏమవుతుంది?

నా పేరు అసలే రాదని కాదు. వస్తుంది. కార్యక్రమం అయిపోగానే తెరను ఒక మూలకు నొక్కేసి, మిగతా చోటంతా తర్వాతి కార్యక్రమం గురించి ఒకావిడ చెబుతూ ఉంటుంది. ఆ మూలలో, తపాలా బిళ్ళంత చోటులో, పేర్లు ఉడతల్లా పరిగెడతాయి. అందులో 'అదనపు సామగ్రి' అనే శీర్షిక కింద నేనుంటాను. రచన అని వెయ్యరు. వేస్తే ఇది ఎవరో రాశారని తెలిసిపోదూ? అదనపు సామగ్రి! ఇంటి వెనక ఇటుకలు మిగిలిపోతే టార్పాలిన్ కప్పి ఉంచుతాం చూడండి, ఆ హోదా నాది.

మొన్నటి శీతాకాలం ఒక విశ్వవిద్యాలయం వారు 'ముందుగా అనుకోకుండా మాట్లాడటం ఎలా' అన్న విషయం మీద ప్రసంగించమని డొమినిక్‌ని పిలిచారు. ఆ ప్రసంగం రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. నలభై పేజీలు. చివర్లో ఆయన కాగితాలు పక్కన పెట్టి "ఇప్పుడు మనసులోంచి మాట్లాడతాను" అంటాడు. ఆ మనసు ముప్ఫై ఏడో పేజీ నుంచి మొదలవుతుంది. వారు ఆయనకు డాక్టరేటు ఇచ్చారు. నల్ల గౌను మోసే బాధ నాకు తప్పింది. అదృష్టం కాకపోతే ఏమిటిది?

ఇక అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట మా కార్యక్రమంలో 'మా నాన్న' అని ఒక కొత్త అంకం పెట్టారు. ప్రతి నటుడూ తండ్రి గురించి ఒక నవ్వొచ్చే సంగతి చెప్పాలి. డొమినిక్ తండ్రి సర్ ఆబ్రీ ఫాన్‌షా, సర్రీలో ఉండే రిటైరైన జడ్జి.

"మీ నాన్నగారు ఎప్పుడైనా నవ్వొచ్చే పని ఏదైనా చేశారా?" అని డొమినిక్‌ని అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఒకసారి చేతిరుమాలు కింద పడేసుకున్నారు."

"తర్వాత?"

"తీసుకున్నారు."

మీరే చెప్పండి, ఈ సరుకుతో దేశాన్ని నవ్వించగలమా? అందుకని మా నాన్నని ఇచ్చాను.

అప్పటికి మా నాన్న పోయి పదకొండు రోజులు. పేరు క్లిఫ్. గ్రిమ్స్‌బీ అనే రేవుపట్నంలో తొమ్మిదో నంబరు బస్సు నడిపేవాడు. ఆయన అంత్యక్రియలకు బస్సు డ్రైవర్లంతా యూనిఫాం వేసుకుని వచ్చారు. చాపెల్ వెనక వరస దాకా నీలం కోట్లే. మా అక్క నోరీన్ నన్ను మోచేత్తో పొడిచి, "లేచి రెండు ముక్కలు చెప్పరా," అంది. లేచాను. నోరు తెరిచాను. చెవి గోక్కున్నాను. రెండు సెకన్లు పైకి చూశాను. ఏమీ తట్టలేదు. ఇంకో పది సెకన్లు చూశాను. కూర్చున్నాను.

బయట వానలో మా అక్క నా దారికి అడ్డంగా నిలబడింది.

"ఏరా గోర్డన్, నువ్వు రాతగాడివి కదరా? ఎవరికి రాస్తావో ఏం రాస్తావో దేవుడికే ఎరుక, ఎక్కడా నీ పేరు కనబడి చావదు. వాతావరణ సూచనలు రాస్తావా ఏంటి? ఊళ్ళో వాళ్ళందరికీ ఉన్న మాటలు నాన్నకి మాత్రం లేకపోయాయా?"

దానికీ ఏమీ తట్టలేదు. ఆ తర్వాత మూడేళ్ళపాటు మా అక్క నాకు క్రిస్మస్ కార్డులు మాత్రం పంపింది, సంతకంతో. కార్డులో అచ్చువేసి ఉన్న 'ప్రేమతో' అన్న మాటను పెన్నుతో శుభ్రంగా కొట్టేసి పంపేది.

సోమవారం కిటికీ లేని గదిలో 'మా నాన్న' అని శీర్షిక రాసి పెన్ను పెట్టాను. సాయంత్రానికి పదకొండు పేజీలయ్యాయి. రావలసిన చోట రాని మాటలన్నీ అక్కడొచ్చి పడ్డాయి. తోటి రచయితలు చూసి, "భలే కల్పించావయ్యా!" అన్నారు. నేను థాంక్స్ చెప్పాను.

డొమినిక్ ఆ గురువారం ఏం చెప్పాడో మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ నాన్నకి (అంటే మా నాన్నకి) జోకు చెప్పడం రాదు. ఎప్పుడూ చివరి మాటతో మొదలుపెట్టేవాడు. భోజనాల బల్ల దగ్గర ఉన్నట్టుండి "ఆ గుర్రానికి ఈత రాదు మరి!" అనేసి, బల్ల మీద కొట్టి నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, "ఉండండుండండి, అంతకుముందు ఒక పాదిరి ఉండేవాడు," అనేవాడు. అమ్మ "క్లిఫ్, గ్రేవీ చల్లారిపోతోంది," అనేది. ఆ పాదిరికీ గుర్రానికీ ఏం సంబంధమో మాకు ఇప్పటికీ తెలియదు.

మిసెస్ పాజెట్ అనే ఆవిడకు బూట్ల లేసులు కట్టుకోవడం ఆలస్యమని ఆవిడ గేటు ముందు రోజూ నాలుగు నిమిషాలు బస్సు ఆపేవాడు. ఎవరైనా విసుక్కుంటే ముందు వాళ్ళకి సారీ చెప్పి, తర్వాత మిసెస్ పాజెట్‌కి చెప్పి, ఆఖర్న స్టీరింగు నిమిరి బస్సుకి కూడా చెప్పేవాడు. ఒకసారి దీపస్తంభానికి గుద్దుకుని సారీ చెప్పాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. నిన్న కాస్త విసురుగా అన్నానేమో అని.

అన్నిటికన్నా జనం పడి పడి నవ్వింది టోపీ సంగతికి. బయటివాళ్ళ వంట ఆయన నమ్మడు. కూతురి పెళ్ళి విందుకు కూడా ఇంటి నుంచి శాండ్‌విచ్ కట్టుకొచ్చి టోపీలో దాచాడు. జాతీయగీతానికి అందరూ లేచి టోపీలు తీశారు. ఆయన భుజాన గుడ్డు ముక్కలు. డొమినిక్‌కి అక్కచెల్లెళ్ళు లేరు. అయినా ఆ వారం లేని అక్కకి ఘనంగా పెళ్ళి చేశాం.

స్టూడియోలో జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, ముందు వరసలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను మానిటర్ వెనక నిలబడి ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. మేకప్ ఆవిడ ఒక టిష్యూ అందించి, "వాళ్ళ నాన్న గురించి ఎంత బాగా చెప్పాడో కదా!" అంది. "చాలా బాగా చెప్పాడు," అన్నాను.

అప్పటి నుంచి మా నాన్న ప్రతి గురువారం టీవీలో ఉన్నాడు. ఆయన బతికుండగా గ్రిమ్స్‌బీ దాటి పోయింది లేదు. ఇప్పుడు దేశమంతా తిరుగుతున్నాడు, వేరే ఇంటిపేరుతో. డొమినిక్ అన్నీ 'అనేవాడు, ఆపేవాడు' అని చెప్పేసరికి జనం పెద్దాయన పోయాడనుకున్నారు, సర్ ఆబ్రీ ఇంటికి పరామర్శ ఉత్తరాలు బస్తాలతో వచ్చాయి. పక్కింటివాళ్ళు మాంసం కూర వండి గిన్నెలతో తెచ్చి, తలుపు తీసిన ఆయనకే ఆయన పోయినందుకు సానుభూతి చెప్పారు. ఆయన కొడుక్కి ఒకే ఒక్క ఉత్తరం రాశాడు: "నేనెప్పుడూ బస్సు నడపలేదు. నడిపి ఉంటే వేళకు నడిపేవాణ్ణి." నాకెంతో నచ్చింది. మరుసటి వారమే వాడేశాను.

డొమినిక్‌కి వచ్చే అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాసేదీ నేనే. ఆయన మేనేజర్ డఫ్నీ వాటిని కట్టకట్టి పంపుతుంది. "వెచ్చగా రాయి, ఆరు లైన్లు దాటకు. నువ్వు డొమినిక్ కన్నా డొమినిక్‌లా రాస్తావ్," అంటుంది. ఇంతకన్నా పొగడ్త ఇంకేం కావాలి?

ఆ కట్టలో ఒకనాడు మా అక్క చేతిరాత కనబడింది.

"డొమినిక్ గారికి, మాది గ్రిమ్స్‌బీ అండీ. మా నాన్న కూడా బస్సు డ్రైవరే. మీ నాన్న అచ్చం మా నాన్నేనండీ, ముక్కూ చెవులతో సహా. ఆయన పోయాక మొన్ననే మొదటిసారి నవ్వాను. నవ్వి నవ్వి ఏడ్చేశాను. మా ఆయన భయపడి టీవీ కట్టేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను. మాకో తమ్ముడున్నాడు. వాడికీ రాయడమే పనిట. నాన్న గురించి నోరు విప్పడు. తడిసిన కట్టెలాంటివాడు, అంటుకోడు, పొగ మాత్రం వస్తుంది. మీలాంటి కొడుకు మా నాన్నకి ఉండుంటే ఎంత బాగుండేదో!"

మీలాంటి కొడుకు! ఆ ఉత్తరం చదివి నేను ఏం చేయాలి? వెంటనే ఫోన్ చేసి "అక్కా, అది నేనేనే" అనాలి. అనలేదు. ఆ జోకులు నావని భార్యకీ, పాదిరికీ, కుక్కకీ కూడా చెప్పకూడదని నా ఒప్పందంలో ఉంది. కానీ దాపరికమెందుకు, అది సాకు. నీ ముందు నోరు విప్పి చెప్పలేక నాన్నని టీవీకి ఇచ్చేశానని ఏ నోటితో చెప్పను? అందుకని ఆరు లైన్లు వెచ్చగా రాశాను. చివర, "మీ తమ్ముడికి మాటలు గొంతులో అడ్డుపడి ఉంటాయేమో," అన్నాను.

జవాబు వారానికల్లా వచ్చింది. "మీరు మంచివారు కాబట్టి వాణ్ణి వెనకేసుకొస్తున్నారు. వాడి సంగతి మీకు తెలీదు."

మూడేళ్ళు! మా అక్కా నేనూ ఇంత మనసు విప్పి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆవిడ మోకాలి నొప్పి, మా బావ పావురాలు, అమ్మ ఆఖరి రోజులు, అన్నీ రాసింది. డొమినిక్ శనివారం పేపర్లో రాసే కాలమ్‌ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తున్నానని కూడా రాసింది. నాకొచ్చే కార్డులో 'ప్రేమతో' కొట్టేసి ఉండేది. డొమినిక్‌కి వచ్చే కార్డులో దాని కింద రెండు గీతలు! ఒక మనిషికి రెండు కార్డులు రావడం అదృష్టం కాదా? కాదంటారా? సరే, మీ ఇష్టం.

పోయిన నెల వచ్చిన ఉత్తరం ఇదీ.

"డొమినిక్ గారికి, నాన్న పేరు మీద క్లీథోర్ప్స్‌లో సముద్రానికెదురుగా ఒక బెంచీ వేయిస్తున్నాం. ఇత్తడి రేకు మీద పేరు కూడా చెక్కించాం. వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి దాని మీద కప్పిన గుడ్డ తీయాలి. మీరొచ్చి రెండు ముక్కలు చెబితే సంతోషిస్తాం. తమ్ముడికీ కార్డు వేశాను. వాడు వచ్చినా చెప్పేదేమీ ఉండదు. ఇంకో మాట. మీ నాన్నగారి టోపీలో ఉన్నది గుడ్డు శాండ్‌విచ్ కాదండీ. చీజూ, ఉల్లిపాయా. నేను పక్కనే కూర్చున్నాను కదా, వాసన ఇంకా గుర్తే. నోరీన్."

డఫ్నీ ఆ ఉత్తరం చదివి, "సముద్రం, బెంచీ, బస్సు డ్రైవర్లు! కెమెరా తీసుకెళ్దాం," అంది. డొమినిక్ చదివి, "గ్రాహం, అక్కడ గాలి ఎక్కువగా ఉంటుందా? జుట్టు నిలవదేమో," అన్నాడు. పదకొండేళ్ళుగా ఆయన నన్ను గ్రాహం అనే పిలుస్తాడు. ఆ ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఉత్తరంలో వింతేమీ కనబడలేదు.

నేను మాత్రం ఆ ఆఖరి లైన్లను మూడుసార్లు చదివాను. డొమినిక్ నాన్న పక్కన మా అక్క ఎలా కూర్చుంది? ఆ రోజు టోపీలో ఉన్నది నిజంగా చీజే. గుడ్డయితే భుజం మీద రాలుతుందని, నవ్వెక్కువ వస్తుందని నేనే మార్చాను. మా వృత్తిలో దాన్ని మెరుగు పెట్టడం అంటారు. ఆ మెరుగు ఎవరు పెట్టారో ఆవిడకి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. మొదటి ఉత్తరం నుంచే తెలుసేమో! తెలిసే 'ప్రేమతో' కింద రెండు గీతలు గీసిందేమో! తెలిసే ఇప్పుడు ఆయన్ని పిలిచి, నాకూ కార్డు వేసి, ఇద్దరిలో ఎవరు నోరు విప్పుతారో చూద్దామని కూర్చుందేమో.

డఫ్నీ నాకిచ్చిన పని: "రెండు నిమిషాలు. అప్పటికప్పుడు చెప్పినట్టుండాలి. నాలుగో లైన్లో గొంతు జీరపోవాలి, ఐదో లైన్లో నవ్వు." అంటే మా నాన్న బెంచీ దగ్గర, మా అక్క ముందు, నేను నిలబడి చూస్తుండగా, వేరొకాయన మా నాన్న కోసం ఏడవాలి. ఆ ఏడుపు నేను రాసివ్వాలి!

అయినా పేరు లేకపోవడం అదృష్టమేనన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కావాలంటే ఈ పేజీ పైకి ఒకసారి చూడండి. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్న ఆ ఫోటో ఎవరిది? దాని కింద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరెవరిది? డొమినిక్ ఫాన్‌షాది. ఏడేళ్ళుగా ప్రతి శనివారం ఆయన పేరుతో ఈ కాలమ్ రాస్తున్నది నేను. తాను రాసింది ఆయన ఏనాడూ చదవలేదు. పేరున్నవాళ్ళకి చదివే తీరికెక్కడిది? అందుకే ఈ వారం ఇంత ధైర్యంగా రాయగలిగాను. సబ్ ఎడిటర్ మాత్రం చదివింది. నాకు ఫోన్ చేసింది. "రెండో పేరాలో ఒక కామా తీసేశాను. మిగతాదంతా ఉన్నదున్నట్టు వెళ్తోంది," అంది.

రేపే ఆ రెండో ఆదివారం. డొమినిక్ ప్రసంగం నిన్ననే పంపించేశాను. ఆయన దాన్ని అక్కడికి వెళ్ళాక, మైకు ముందు విప్పుతాడు. అందులో ఉన్నదింతే: "చెవి గోక్కోవాలి. రెండు సెకన్లు పైకి చూడాలి. తర్వాత, 'ఈయన గురించి నాకేమీ తెలియదు. తెలిసినవాడు ఆ వెనక నిలబడ్డాడు, వాళ్ళబ్బాయి గోర్డన్' అని చెప్పి పక్కకి తప్పుకోవాలి." కాగితం మీద ఏముంటే అది చెప్పడం ఆయనకు అలవాటు. గోర్డన్ అన్నది మాత్రం మూడుసార్లు అండర్‌లైన్ చేశాను, గ్రాహం అనకుండా.

నోరీన్, నువ్వు దీన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించేలోపు ఒక మాట. అది చీజే. ఉల్లిపాయ కూడా ఉంది. రేపు అవే కట్టుకొస్తాను, టోపీలో. ఇంకా ఏమీ రాసుకోలేదు, రాసుకోను కూడా. నోరు పెగలకపోతే కొంచెం ఆగు, వెంటనే మోచేత్తో పొడవకు. పెగిలితే మాత్రం నాన్న పద్ధతిలో చివరి నుంచే మొదలుపెడతాను.